పలకని పల్లంరాజుగారు

"ఆయన ఆ బల్లెక్కి మళ్లీ దిగకపోతే మన గతేంట్రా?" అంది వెంకటదుర్గ, రుబ్బిన పెసరపిండిలో ఉప్పు కలుపుతూ.

అప్పటికి పల్లంరాజుగారు బల్లెక్కడం అటుంచి, తన ఇంట్లో మంచమైనా దిగి ఉండరు. కానీ వెంకటదుర్గ భయాలు ఎప్పుడూ మనుషులకంటే ముందే నిద్రలేస్తాయి. కుక్కరు మూత పెట్టకముందే అది పేలినట్టు, బస్సు ఎక్కకముందే అది గోదావరి బ్రిడ్జి మధ్యలో ఆగిపోయినట్టు ఆవిడ కళ్లకు కట్టేస్తుంది. చదువు ఏడో తరగతితో ఆగిపోయినా ఈ విద్యలో మాత్రం ఆవిడకి రాజమండ్రి మొత్తం మీద సాటి లేరు.

"బల్లెక్కినవాళ్లందరూ దిగుతారమ్మా," అన్నాడు గణేష్‌బాబు తువ్వాళ్లు మడతపెడుతూ. "ఇప్పటిదాకా ఎవరైనా దాని మీద ఉండిపోయారా?"

"ఇప్పటిదాకా ఎక్కిందెవర్రా? నేను, మీ నాన్న, దాన్ని చేసిన వడ్రంగి సామ్యేలు, ఆనక వచ్చిన ఆ నలుగురూను. అందరం మామూలు మనుషులం, ఎలాగోలా దిగుతాం. ఈయన ఇంటి ఓనరు. ఓనరుకి మన బల్ల మీద ఏమైనా అయితే, మన సామాను రోడ్డు మీద ఉంటుంది."

ఈ చివరి మాట మాత్రం భయం కాదు, నిజమే. గణేష్‌బాబు ఇంటరు అయ్యాక కేరళ వెళ్లి ఒళ్లు మర్దనా చెయ్యడం పద్ధతిగా నేర్చుకుని వచ్చాడు. పల్లంరాజుగారి మేడలో కిందివాటా అద్దెకి తీసుకుని, ముందుగది ఆఫీసు, మధ్యగది మర్దనా గది చేసి, వెనకగదిలో తల్లితో కాపురం పెట్టాడు. తండ్రి జంగారెడ్డిగూడెం దగ్గర పామాయిలు తోటల్లో గుమాస్తా. ఆదివారం వచ్చి, కొడుకు చేత వీపు పట్టించుకుని, "హాయిగా ఉందిరా" అని మెచ్చుకుని, "ఇంకేదైనా ఉద్యోగం చూసుకోరాదూ" అని బాధపడి, సోమవారం వెళ్లిపోతాడు.

ఇలా ఉండగా పైవాటాలో అద్దెకుండే అమ్మిరాజు ఓనరుకి పితూరీ చెప్పాడు. నూనె వాసనట. ఎవరెవరో వస్తున్నారట. సంసారులుండే మేడలో మాలీషు కొట్టేంటట. పల్లంరాజుగారు వచ్చి గుమ్మంలో నిలబడి, ముందు ఆ యేడు ఎండల గురించి, తర్వాత మొగల్తూరు దగ్గరున్న తన చేపల చెరువుల గురించి, ఆ తర్వాత తన నడుమునొప్పి గురించి మాట్లాడి, చివరికి అసలు సంగతిలోకి వచ్చారు. "శుక్రవారం పొద్దున్న నేనే వచ్చి పడుకుంటాను. ఇది మర్యాదైన వ్యవహారమే అనిపించి, నా నడుముకి సుఖంగా ఉంటే మీరుండండి. లేదంటే వచ్చే నెల్లో వాటా ఖాళీ చేసేయండి. ఆయ్, ఇందులో దాపరికం లేదు."

ఆ శుక్రవారం ఇదే.

"చూడమ్మా," అన్నాడు గణేష్‌బాబు, తల్లి ఎదురుగా పీట వేసుకు కూర్చుని. "నేను లోపల నూనె కాచుకుంటూ ఉంటాను. ఆయన రాగానే ముందుగదిలో కూర్చోబెట్టి నువ్వు నాలుగు మాటలు చెప్పాలి. ఒంటిమీద బంగారం, వాచీ తీసేయమను. సెల్‌ఫోను ఆపేయమను. ఏమీ తిని రావద్దని నేను ఫోనులో చెప్పాను, అయినా నువ్వూ అడుగు. అన్నిటికంటే ముఖ్యం, ఎక్కడైనా నొప్పి పుట్టినా, నా చెయ్యి బరువైనా వెంటనే నోరు తెరిచి చెప్పమను. చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది? అడగడం నా మర్యాద, చెప్పడం వాళ్ల మర్యాద."

"ఆ మాత్రం తెలీదేంట్రా నాకు," అంది వెంకటదుర్గ ధీమాగా. భయపడటం ఎంత బాగా వచ్చో, భయపడినదానికి విరుగుడు ఆలోచించడం కూడా ఆవిడకి అంత బాగా వచ్చు. కొడుకు చెప్పినవన్నీ మనసులో ఒకసారి తిప్పి చూసుకుంది. రెండు పనికిరావని తేల్చేసింది. ఇంటికొచ్చిన పెద్దమనిషిని ఖాళీ కడుపుతో పడుకోబెట్టి ఒళ్లు పిసికిస్తే, కళ్లు తిరిగి బల్లమీంచి దొర్లిపోడూ? ఇక ఆ రెండోది మరీ ఘోరం. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, నొప్పి పుడితే చెప్పండి అంటే, నొప్పి పుట్టించడానికే పిలిచామనుకోరూ?

అదీగాక పల్లంరాజుగారు నోరు తెరిస్తే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. ఆయన మాట మొదలుపెడితే పక్కవాడికి తుమ్మడానికి కూడా సందు దొరకదు. అటు నుంచి ఫోను పెట్టేశాక కూడా ఆయన ఇంకాసేపు మాట్లాడతారని వీధిలో చెప్పుకుంటారు. లోపల బల్ల మీద ఆయన అదీ ఇదీ అడుగుతారు, తన కొడుకేమో అడిగినదానికల్లా నిజం చెప్పేస్తాడు. మీ మేడ గోడలు చెమ్మండీ అంటాడు. మీ నడుముకి కారణం మీ పొట్టేనండీ అంటాడు. వాటా ఎగిరిపోవడానికి అంతకంటే ఇంకేం కావాలి?

పల్లంరాజుగారు వచ్చారు. వస్తూ గేటు దగ్గరే మాట మొదలుపెట్టి, చెప్పులు విప్పుతూ పెంచి, కుర్చీలో కూర్చునేసరికి ఊపందుకున్నారు.

"ఏమ్మా చెల్లెమ్మా, మీవాడేడీ? నిన్న చెరువుగట్టు మీద మోటారుసైకిలు మీద వస్తున్నానా, గతుకులో పడ్డాను చూడూ, ఇక్కడ నరం కలుక్కుమంది. మా ఆవిడేదో చెప్పబోయింది, నూనె రాయమనో ఏంటో. నేను చెప్పాను, నూనె మనం రాసుకుంటే పనిచెయ్యదే, అది నేర్చుకున్నవాడు రాయాలీ అని. అన్నట్టు, ఆ వాసనేంటి, పెసరట్టా?"

"పెసరట్టే అన్నయ్యగారూ. ఉప్మా కూడా ఉంది. ఒక్కటి తినండి."

"వద్దమ్మా. మీవాడు ఏమీ తినొద్దన్నాడు ఫోనులో."

"అది బయటివాళ్లకండీ," అంది వెంకటదుర్గ, పళ్లెం ఆయన చేతిలో పెట్టేస్తూ.

ఒక్కటి అన్నది రెండైంది. ఉప్మాకి చాలడంలేదని మూడోది పడింది. అల్లప్పచ్చడి మిగిలిందని నాలుగోది పడింది. తింటున్నప్పుడు మాత్రమే ఆయన వింటారు గనుక వెంకటదుర్గ ఆ సమయాన్ని వృథా కానివ్వలేదు.

"అన్నయ్యగారూ, ఇది మామూలు మాలీషు కాదండి. చాలా పద్ధతులున్నాయి. లోపలికెళ్లాక అంతా అయ్యేదాకా నోరు మెదపకూడదు."

"అస్సలా?" అన్నారు పల్లంరాజుగారు, అట్టు నోట్లో ఉండగానే.

"అస్సలండి. మూలగడం కూడా పనికిరాదు. మధ్యలో పలికారనుకోండి, నరం ఎక్కడ పట్టి ఉంటే అక్కడే బిగుసుకుపోతుంది. ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా కదలదు. ఎవరు ఏమడిగినా సరే, ఎంత ఊరించినా సరే, పలక్కండి. కదలకండి. అంతా అయ్యాక మేమే చెబుతాం."

ఈ మాటలు ఎక్కడివని ఎవరైనా అడిగితే ఆవిడ చెప్పలేకపోయేది. నోట్లోంచి వస్తూ ఉంటే ఆవిడకే నిజమనిపించాయి. పల్లంరాజుగారు చెయ్యి కడుక్కుని, గొలుసు, ఉంగరం, వాచీ తీసి ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడ వాటిని కొంగున ముడేసి, ఆ ముడిని బొడ్లో దోపుకుంది. సెల్‌ఫోను కూడా ఇచ్చారు. దాన్ని ఎలా ఆపాలో ఆవిడకి తెలీదు, ఆయన్ని అడుగుదామంటే అప్పటికే ఆయన మధ్యగది గడప దాటి పెదాలు బిగించేశారు. అందుకని దాన్ని ఒక గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో లోపలికంటా దూర్చి మూత పెట్టింది.

మధ్యగదిలో సామ్యేలు చేసిన బల్ల ఉంది. తలవైపు గుండ్రంగా కన్నం ఉంటుంది. బోర్లా పడుకున్న మనిషి మెడ తిప్పకుండా మొహం అందులో పెట్టుకోవచ్చు. అది కోసేటప్పుడు సామ్యేలు, "ఇది నీళ్లబిందె పెట్టుకోడానికా అండి?" అని అడిగాడు. పల్లంరాజుగారు తువ్వాలు చుట్టుకుని ఆ బల్లెక్కి, కన్నంలో మొహం పెట్టి, నేలని చూస్తూ పడుకున్నారు.

వెంకటదుర్గ తెర ఇవతల నిలబడి చెవి ఒగ్గింది.

"మావయ్యగారూ, ఏమీ తినలేదు కదండీ?" అన్నాడు లోపల గణేష్‌బాబు. జవాబు లేదు.

"నొప్పి ఇక్కడేనా అండి?" జవాబు లేదు.

"ఒత్తిడి సరిపోయిందా అండి? ఎక్కువైతే చెప్పండి." బల్ల కిర్రుమంది గానీ మనిషి కిమ్మనలేదు. వెంకటదుర్గ గుండె ఉప్పొంగింది. ఇంత పెద్దమనిషి తన మాట పొల్లుపోకుండా పాటిస్తున్నాడు. ఎంత మర్యాదస్తుడు!

చాలాసేపటికి గణేష్‌బాబు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "నడుము వదిలిందమ్మా. ఒక్క మాట మాట్లాడలేదు. నిద్రపట్టేసినట్టుంది. నూనె ఇంకేదాకా అలాగే పడుకోనీ, కదిలించకు."

"అయితే నువ్వు సైకిలేసుకుని వెళ్లి అరటిపళ్లు, తమలపాకులు పట్రా."

"ఇప్పుడా? ఎందుకమ్మా?"

"ఎందుకేంట్రా? మొదటిసారి మన చేత పని చేయించుకున్నాయన. తాంబూలం ఇవ్వకుండా ఉత్తచేతుల్తో పంపిస్తామా? చక్రకేళీలు తే. మెత్తబడినవి తేకు."

కొడుకు వెళ్లాడు. ఇల్లు నిశ్శబ్దమైంది. నిశ్శబ్దం వెంకటదుర్గకి పడదు. కొడుకు చేతులు తుడుచుకుని బయటికి వచ్చాడంటే ఆవిడ లెక్కలో పని అయిపోయినట్టే. ఆ సంగతి బల్ల మీదున్నాయనకి ఎవరూ చెప్పలేదన్నది ఆవిడకి తట్టలేదు. మెల్లగా తెర తీసి చూసింది. పల్లంరాజుగారు పడుకున్నట్టే పడుకుని ఉన్నారు. వీపు నూనెతో నిగనిగలాడుతోంది.

"అన్నయ్యగారూ, కాఫీ పెట్టమంటారా?"

పలకలేదు. కాఫీ మాట వింటే పక్కవీధిలోంచి పలికే మనిషి.

"చిక్కటి డికాషనండి, అన్నయ్యగారూ."

పలకలేదు. ఇక ఆఖరి పరీక్ష. లేని సంగతి కల్పించి, గొంతు పెంచి మరీ చెప్పింది. "పైవాటా అమ్మిరాజుగారు నీళ్లమోటారు ఆపకుండా ఆఫీసుకి వెళ్లిపోయారండి! ట్యాంకు పొంగి మేడ గోడంతా తడిసిపోతోంది!"

తన మేడ గోడ తడిస్తే మొగల్తూరు నుంచైనా పరుగెత్తుకొచ్చే మనిషి. ఒళ్లంతా ఒక్కసారి బిగుసుకుంది, మెడ మీద నరం ఉబ్బింది, ఊపిరి బుసబుసా వచ్చింది. మాట మాత్రం రాలేదు. వెంకటదుర్గకి అంతా అర్థమైపోయింది. ఊపిరుంది. పలుకు పోయింది. పక్షవాతం. ఆ క్షణంలోనే ఆవిడకి పోలీసు జీపు కనబడింది, జిల్లా పేపర్లో కొడుకు ఫొటో కనబడింది, వీధిలో తమ గ్యాసుపొయ్యి, మంచం, దాని పక్కనే కన్నంతో సహా బల్ల కనబడ్డాయి.

పక్కింట్లో జ్ఞానప్రకాశంగారు ఉంటారు. మిషను ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడ గోడ మీంచి కేకేయగానే బీపీ చూసే మిషను చంకన పెట్టుకుని వచ్చేశారు.

"కంగారు పడకండమ్మా, ప్రభువున్నాడు. ఏం జరిగింది?"

"మాట పడిపోయిందండి. కాఫీకి పలకలేదు."

"కాఫీకి పలకలేదా?" జ్ఞానప్రకాశంగారి మొహంలో రంగు మారింది. "పల్లంరాజుగారా?"

ఆయన ముందు నాడి చూశారు. తర్వాత పల్లంరాజుగారి చెవి దగ్గర వంగి, "రాజుగారూ, మీ పేరు చెప్పండి," అన్నారు. జవాబు లేదు. "మన వార్డు కౌన్సిలరు ఎలాంటివాడో చెప్పండి." దానికీ జవాబు లేదు. ఆయన నిటారుగా నిలబడి తల పంకించారు. జేబులోంచి తాళంచెవి తీసి పల్లంరాజుగారి అరికాలి మీద కింది నుంచి పైకి గీశారు. కాలివేళ్లన్నీ ముడుచుకున్నాయి. ఒళ్లంతా జలదరించింది. పొట్ట బల్ల మీద ఎగిరెగిరి పడింది.

"స్పర్శ ఉంది," అన్నారు జ్ఞానప్రకాశంగారు గంభీరంగా. "వినికిడి కూడా ఉంటుంది. నాలుకే పడిపోయింది. అమ్మా, మీకేదైనా మోత వినిపిస్తోందా? లోపలెక్కడో..."

"సెల్‌ఫోనండి. బియ్యంలో ఉంది."

ఎందుకుందని జ్ఞానప్రకాశంగారు అడగలేదు. వెళ్లి బియ్యంలో మోచేతిదాకా చెయ్యి దూర్చి తీసి, చెవి దగ్గర పెట్టుకున్నారు. "అమ్మా, నేను జ్ఞానప్రకాశాన్ని. రాజుగారు మాట్లాడే పరిస్థితిలో లేరండి." అవతల నుంచి ఒక్కటే మాట వచ్చింది. "ఆయనా?"

పల్లంరాజుగారి భార్య చిన్నమ్మాయిగారు ఆటోలో వచ్చారు. ఇల్లు రెండు వీధుల అవతలే. వస్తూనే బల్ల దగ్గరికి వెళ్లి, "ఏవండీ," అన్నారు. "ఏవండీ, ఇదిగో, నేను." పలకలేదు. ఆవిడ ఆయన్ని, జ్ఞానప్రకాశంగారిని, వెంకటదుర్గని మార్చి మార్చి చూశారు.

"నిజంగానే మాట రావడంలేదా, వదినా?"

"రావడంలేదు వదినగారూ," అని వెంకటదుర్గ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను పెద్దాసుపత్రికి కారు మాట్లాడుకొస్తాను," అన్నారు జ్ఞానప్రకాశంగారు. "అందాకా ఆయన్ని కదపొద్దు. వినిపిస్తుంది కాబట్టి ధైర్యంగా ఏదైనా చెబుతూ ఉండండమ్మా. మనిషికి మన గొంతు ఆసరా." ఆయన గబగబా వెళ్లిపోయారు.

చిన్నమ్మాయిగారు కళ్లొత్తుకున్నారు. గోడవారనున్న స్టూలు లాక్కుని, కుచ్చిళ్లు సర్దుకుని, బల్ల పక్కన కూర్చున్నారు. కాసేపు భర్త వీపు వంక చూశారు. తర్వాత మెల్లగా, అలవాటు లేని పనిలా, మాట మొదలుపెట్టారు.

"పెళ్లైన కొత్తలో మనం ద్రాక్షారామం వెళ్లామండి." అలవాటు కొద్దీ అక్కడ ఆగారు. ఎవరూ అడ్డు రాలేదు. ఆవిడ ఆశ్చర్యంగా వెంకటదుర్గ వైపు చూశారు. "ఈ మాట ఇంతవరకు రావడం ఇదే మొదటిసారి వదినా. నేను ద్రాక్షారామం అనగానే ఈయన ఆ రోజు తిన్న పులిహోర కథ అందుకుంటారు. నేనక్కడ ఏం మొక్కుకున్నానో ఇన్నేళ్లలో చెప్పనివ్వలేదు."

"ఏం మొక్కుకున్నారండీ?" అంది వెంకటదుర్గ, అంత దుఃఖంలోనూ.

"ఆ వయసులో ఈయన మాటంటే నాకు ముచ్చటగా ఉండేది. స్వామీ, ఈయన గొంతు కలకాలం ఇలాగే మోగాలి అని మొక్కుకున్నాను." చిన్నమ్మాయిగారు నిట్టూర్చారు. "కాస్త ఎక్కువే మొక్కుకున్నట్టున్నాను."

ఒక్కసారి దారి దొరికాక మాట ఆగలేదు. ఆయన గడ్డం గీసుకునే అద్దం పగలగొట్టింది పిల్లి కాదని, తనేనని చెప్పారు. ఆయనకి ఇష్టమని వండే కాకరకాయ వేపుడు తనకి ఎప్పుడూ గొంతు దిగలేదని చెప్పారు. మోటారుసైకిలు మీద చెరువుగట్ల వెంట తిరగొద్దని రోజూ చెప్పబోయి, రోజూ చేపల ధరలు విని నిద్రపోయానని చెప్పారు. చెబుతున్నకొద్దీ ఆవిడ గొంతులో దుఃఖం తగ్గి, తేట వచ్చింది.

ఆయన గొంతైనా తడుపుదామని వెంకటదుర్గ గ్లాసుతో నీళ్లు, చెంచా తీసుకుని వచ్చింది. మనిషిని కదపొద్దన్నారు గనుక, కింది నుంచి పోయడం తప్ప దారి లేదు. నేల మీద చతికిలబడి, బల్ల కిందికి దూరి, కన్నంలోకి తల ఎత్తి చూసింది.

పల్లంరాజుగారి కళ్లు రెండూ తెరుచుకుని ఉన్నాయి. ఎర్రగా, పెద్దగా, పూర్తిగా ఆరోగ్యంగా ఉన్నాయి. పెదాలు మాత్రం బిగించి ఉన్నాయి. ఆవిణ్ణి చూడగానే ఆయన కనుబొమ్మలు రెండూ పైకి లేపి, ఒక ప్రశ్న అడిగారు. ఆ ప్రశ్న వెంకటదుర్గకి స్పష్టంగా అర్థమైంది.

అయిందా?

అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి. నోరు మెదపకూడదు. నరం బిగుసుకుపోతుంది. ఎవరు ఎంత ఊరించినా పలక్కండి. అంతా అయ్యాక మేమే చెబుతాం. చేతిలో చెంచా ఒరిగి నీళ్లు ఆవిడ మెడ మీదే పడ్డాయి. పక్షవాతం లేదు. పోలీసు జీపు లేదు. ఉన్నదల్లా తన నోటిమాట పట్టుకుని బల్లకి అతుక్కుపోయిన ఒక బుద్ధిమంతుడు. అయిందండీ అని ఒక్క మాట అంటే చాలు, లేచి కూర్చుంటాడు. కూర్చుని, నా చేత ఎందుకిలా చేయించావమ్మా అని మొదలుపెడతాడు. అది వాటా ఖాళీ చేసేదాకా ఆగదు.

ఆవిడ నోరు తెరవబోయింది. సరిగ్గా అప్పుడే పైన చిన్నమ్మాయిగారి గొంతు వినిపించింది.

"ఇంకోటి వినండి. ఈ కిందివాటా సంగతి. ఆ అమ్మిరాజుకి నూనె వాసనా లేదు, ఏమీ లేదు. వాళ్ల బావమరిది ఇక్కడ ఎస్టీడీ బూత్ పెట్టుకోవాలని చూస్తున్నాడు. వాళ్లావిడే నాకు నోరుజారి చెప్పింది. ఈ సంగతి మీ చెవిన వేద్దామని వారం రోజులుగా మీ వెనక తిరుగుతున్నాను. మీరేమో 'అమ్మిరాజు పెద్దమనిషే' అని గంటసేపు నాకే చెబుతారు."

బల్ల కింద వెంకటదుర్గ, కన్నంలో పల్లంరాజుగారు ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన కనుబొమ్మలు మళ్లీ లేచాయి. అయిందా?

వెంకటదుర్గ జీవితంలో ఎన్నోసార్లు భయపడింది గానీ, ఎంత గట్టిగా భయపడినా ఏం చెయ్యాలో తెలియకపోవడం ఎప్పుడూ లేదు. ఆవిడ గ్లాసు పక్కన పెట్టి, పల్లంరాజుగారి కళ్లలోకి సూటిగా చూస్తూ, తల అడ్డంగా ఊపింది.

ఇంకా లేదండి.

తర్వాత బల్ల కింది నుంచి బయటికి వచ్చి, కొంగుతో మెడ తుడుచుకుని, గోడకి ఆనుకుని కూర్చుంది. "చెప్పండి వదినగారూ," అంది. "ఆయన వింటున్నారు. బాగా వింటున్నారు."

"వింటే మంచిదే. అయితే ఇదీ వినండి," అన్నారు చిన్నమ్మాయిగారు, స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుని. "ఈ కుర్రాడు ఎవరి జోలికీ పోడు. ఊరుకాని ఊరు వెళ్లి, చేతికో విద్య నేర్చుకుని వచ్చాడు. ఈ వాటా వీళ్లకే ఉంటుంది. మీకు కాదనిపిస్తే ఇప్పుడే చెప్పండి."

పల్లంరాజుగారి వీపు ఒకసారి లేచింది, ఒకసారి దిగింది. కాలి బొటనవేలు అటూ ఇటూ ఆడింది. కాదన్న మాట మాత్రం ఆ కన్నంలోంచి రాలేదు.

"చూశారుగా," అన్నారు చిన్నమ్మాయిగారు వెంకటదుర్గతో. "కాదనలేదు. ఇక మూడోది. అసలు నేను పుట్టింటికెళ్లినప్పుడల్లా మీరు..."

అప్పుడే బయట కారు హారను మోగింది. జ్ఞానప్రకాశంగారు డ్రైవరుని వెంటబెట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. వాళ్ల వెనకే చక్రకేళీల అత్తం చేత పట్టుకుని గణేష్‌బాబు వచ్చాడు. తన మర్దనా గదిలో ఇంతమందిని చూసి అలాగే నిలబడిపోయాడు.

"ఏంటమ్మా ఇది? ఏమైంది?"

"మాట పడిపోయింది బాబూ," అన్నారు జ్ఞానప్రకాశంగారు. "కాళ్లవైపు పట్టుకో, కార్లోకి ఎక్కిద్దాం."

గణేష్‌బాబు పళ్లు కింద పెట్టి, పల్లంరాజుగారి నాడి చూశాడు, ఊపిరి చూశాడు. తర్వాత తల్లి మొహం చూశాడు. నాడి కంటే అక్కడే వాడికి ఎక్కువ సంగతులు తెలిశాయి.

"అమ్మా, ఆయనకి నువ్వేం చెప్పావు?"

పెసరట్ల పళ్లెం ఇంకా ముందుగదిలో కుర్చీ కిందే ఉంది. వెంకటదుర్గ అటు చూసి కళ్లు దించుకుంది.

గణేష్‌బాబు బల్ల దగ్గర వంగి, నేర్చుకున్న పద్ధతి ప్రకారం, పల్లంరాజుగారి భుజం మీద మెత్తగా చెయ్యి వేశాడు. "మావయ్యగారూ, అయిపోయిందండి. ఇక మీరు మాట్లాడొచ్చు. ఒత్తిడి సరిపోయిందా అండి? లేపమంటారా?"

చిన్నమ్మాయిగారి చెయ్యి మెల్లగా నోటి మీదికి వెళ్లింది. జ్ఞానప్రకాశంగారు తలవైపు పట్టుకోబోయి అలాగే ఉండిపోయారు. డ్రైవరు ఒకసారి గడియారం చూసుకున్నాడు. వెంకటదుర్గ తనకి తెలిసిన దేవుళ్లందరినీ తలుచుకుని, తెలియనివాళ్లెవరైనా ఉన్నారేమోనని జ్ఞానప్రకాశంగారి వైపు చూసింది. బల్ల మీద అలికిడి లేదు. వీధిలో కూరగాయల బండి వచ్చి, అరిచి, వెళ్లిపోయింది. పైవాటాలో ఎవరో కుర్చీ జరిపారు. అప్పటికీ అలికిడి లేదు.

చాలాసేపటికి, కన్నంలోంచి, నేల వైపు నుంచి, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా పల్లంరాజుగారి గొంతు వినిపించింది.

"నడుము తేలికపడిందిరా అబ్బాయ్. వాటా సంగతి మీ అత్తయ్య చెప్పిందే ఖాయం. కానీ నన్నప్పుడే లేపకు, ఆవిడది ఇంకా అవలేదు."